చిప్పలో మొలిచిన ఆనపపాదు

మా పెరటి గోడ మీద సగానికి కత్తిరించిన పాల ప్యాకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో ఆనప మొలక, రెండేసి నూగు ఆకులు వేసి, ఇక నేలలోకి దించాల్సిన ఈడుకొచ్చాయి. పొద్దున్నించి నేను కాలుగాలిన పిల్లిలా వంటింటికీ పెరటికీ తిరుగుతూనే ఉన్నాను గానీ, గునపం మీదికి చెయ్యి పోవడం లేదు. చోడవరంలో మా ఆయన రిటైరయ్యాక కట్టించిన సొంత ఇల్లు ఇది, అడుగు నేల కూడా పరాయివాళ్ళది కాదు. "మొక్కల్ని నేల్లో పెట్టక, అలా గస్తీ తిరుగుతన్నావేటే?" అని ఆయన వెక్కిరించారు కూడా. ఏం చెప్పను? ఈ పిరికితనం నాకు అమ్మ నుంచి వచ్చింది.

నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. గవర్నమెంటు ఉద్యోగి ఇంట పుట్టినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు, బదిలీ అనేది పిలవని చుట్టంలా ఎప్పుడు పడితే అప్పుడు ఊడిపడుతుంది. రావికమతం, బుచ్చయ్యపేట, వడ్డాది, ఎక్కడికెళ్ళినా అద్దె ఇల్లే. అమ్మకి ఆనపపాదు అంటే ప్రాణం. తాను పెట్టిన పాదు కాయ తన చేత్తో కోసి, పులుసు పెట్టి, మాకు వడ్డించి తాను తినాలని ఆవిడ కోరిక. అంతకుమించి నగా నట్రా ఏనాడూ అడిగిన మనిషి కాదు.

బదిలీ భయంతో గింజల్ని తిన్నగా నేలలో పెట్టేది కాదు. కొబ్బరిచిప్పలు, నెయ్యి డబ్బాలు, మూతి పగిలిన ముంతలు, ఇంట్లో పారేయాల్సినదేదైనా సరే, అడుగున కన్నం పొడిచి, పెంటమన్నూ బూడిదా నింపి, బియ్యం కడుగులో నానిన గింజని గుచ్చేది. కదలాల్సొస్తే ఒళ్ళో పెట్టుకుని పోవచ్చునని ఆవిడ ఆలోచన. ఆ ఆలోచనే కొంప ముంచేది. ఇవాళ దించుదాం, రేపు దించుదాం అని ఊగిసలాడేలోపు వేళ్ళు చిప్పలో చుట్టలు చుట్టుకుని మొక్క గిడసబారిపోయేది.

వడ్డాదిలో మాత్రం, ఈసారి మూడేళ్ళు మనల్నెవరూ కదపరని నాన్న గట్టిగా చెప్పారు. అమ్మ నమ్మింది. చిప్పలు పగలగొట్టి మొక్కల్ని దొడ్లో పాతింది. తీగ ఇల్లుగలావిడ ఇంటి పెంకుల మీదికి ఎగబాకి, తెల్లగా పూసి, వేలెడేసి పిందెలు దిగాయి. పిందెకి వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని అమ్మ మా వేళ్ళ మీద కొట్టేది. సరిగ్గా అప్పుడే బదిలీ వచ్చింది.

"ఇంకో వారం ఆగితే కాయ కోసుకుందుం గదా! ఇదేటి కర్మ?" అంది అమ్మ.

"గవర్నమెంటోడు నీ ఆనపకాయ కోసం ఆగతాడేటే?" అన్నారు నాన్న. అనేసి తానే మొహం తిప్పుకున్నారు.

సామాను బండికెక్కాక కూడా అమ్మ పాదుకి బిందెడు నీళ్ళు పోసి, కాయలన్నీ మీరే తినండి గానీ ఒక్కటి విత్తనానికి ఉంచండమ్మా అని ఇల్లుగలావిడకి చెప్పి వచ్చింది. ఆ తల్లి మాట నిలబెట్టుకుంది, బస్సు డ్రైవరు చేతికిచ్చి గింజల పొట్లం పంపింది. అవి మళ్ళీ చిప్పల్లోకే వెళ్ళాయి. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ అమ్మ చిప్ప పగలగొట్టలేదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. జ్ఞాపకం పలచబడింది. ఈ ఏడు కాకపోతే పై ఏడు అనుకునే వయసు కాదు ఆవిడది. నేల్లో పెట్టాక ఈ పాదు చచ్చిపోతే ఆ కాయ ఆవిడ ఇక తినలేదేమోనని, నా తిరుగుడంతా అందుకే.

సాయంత్రం తెగించి గునపం పట్టుకుని గొయ్యి తీస్తుంటే, పెరట్లో వేసిన మంచం మీంచి అమ్మ ఆ ప్యాకెట్ల వైపు చూసి, "మీ నాన్నకి మళ్ళీ బదిలీ అయిందేటే?" అంది. లేదమ్మా, ఇది మన ఇల్లే, ఇక్కణ్ణించి ఎవరూ కదపరు అన్నాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"అలాగైతే పేకెట్టు సింపీయే. గొయ్యి లోతుగా తియ్యి."

చింపేశాను. మొలకని మట్టిగడ్డతో సహా గోతిలోకి దించాను.

ఆ రోజుల్లో ఇల్లు ఖాళీ చేస్తూ పాదుకి నీళ్ళు పోసి వెళ్ళేవాళ్ళుండేవారు, వెళ్ళిపోయినవాళ్ళ కోసం కాయ దాచేవాళ్ళూ ఉండేవారు. ఇప్పుడు ఖాళీ చేసేవాళ్ళు బల్బులు కూడా విప్పుకుపోతున్నారు. ఈ గింజలూ నేను అంగట్లో రంగు పొట్లంలో కొన్నవే. ఈ పాదు కాస్తే మొదటి కాయ అమ్మకి పులుసు, రెండోది విత్తనానికి. అడిగేవాళ్ళు ఎవరూ లేరనుకోండి, అయినా ఉంచుతాను.