చేతులిక్కడ, చూపక్కడ

మగవాళ్ళ వార్డులో ఆమెను అందరూ బొంగరం అనేవారు. ఒక్క మంచం దగ్గర కుదురుగా నిలిచింది లేదు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆయాగా చేరింది, ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గరపడింది. ముక్కూ మొహం తెలియని మగవాళ్ళకు ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, మలమూత్రాలెత్తింది. ఆమె ముందు సిగ్గుతో చితికిపోయినవాడు లేడు. కారణం ఒకటే: పని చేసేటప్పుడు ఆమె మనిషిని చూసేది కాదు. కిటికీ వైపు చూస్తూ, ఎండల గురించో క్యాంటీన్ టీ గురించో ఏదో ఒకటి వాగుతూ ఉండేది. కొత్తగా చేరిన ఆయాలకూ అదే నేర్పేది.

"చేతులిక్కడ, చూపక్కడ. మర్యాదంటే అదేనే పిల్లా."

మొగుడికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయినప్పుడు ఆ మర్యాదే ఇంటికి తెచ్చుకుంది.

ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. పక్క సీట్లో కూర్చుని ఎంతమందిని ఏడిపించాడో లెక్కలేదు. నోటికి మాత్రం పక్షవాతం రాలేదని ఆయన చెల్లెలు నవ్వేది. ఏడాది తిరిగేసరికి లేచి నడిచాడు. గోడ ఆసరా కావాలి, అంతే. చొక్కా గుండీలు ఎడం చేత్తో పెట్టుకోగలడు. ఒళ్ళు తేరుకుంది గానీ కాపురం తేరుకోలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఒకే మంచం మీద పడుకున్న మనుషులు. జబ్బులో ఆమె కింద చాప వేసుకుంది, ఇంకా ఆ చాప మీదే ఉంది. ఆయన పిలవలేదు. పిలవకుండా ఎలా ఎక్కడమని ఈమె. మళ్ళీ ఆ పక్కన చేరాలని మాత్రం ఆమె ప్రాణం కొట్టుకునేది.

ఒక ఆదివారం చెల్లెలు చూడ్డానికొచ్చింది.

"పెట్టి పుట్టావన్నయ్యా! ఇంట్లోనే ఆస్పత్రి."

"ఆస్పత్రే. ఒకటో నంబరు బెడ్డు నాది. ఈ సిస్టరుగారు టైముకొచ్చి తుడిచిపోతారు."

"అవేం మాటలన్నయ్యా! వదిన కాబట్టి చేస్తోంది. మా ఆయనకొస్తే మూటాముల్లే సర్దుకుని నీ దగ్గరికే వచ్చేస్తా."

"నువ్వు నయం, మొహం మీదే చెప్తావు. దీనికి నన్ను ముట్టుకుంటే కడుపులో తిప్పుతుంది. అయినా చేస్తుంది. డ్యూటీ కదా!"

ఆమె టీ గ్లాసు ఆడపడుచు చేతిలో పెట్టింది. "ఆ మాట నేనెప్పుడన్నానండీ?"

"అనాలా? ఏడాది నుంచి నా ఒంటి మీద చెయ్యేసినప్పుడల్లా కబుర్లన్నీ కిటికీకే చెప్తావు. ఒక్కసారి ఇటు చూశావుటే?"

ఆడపడుచు గ్లాసు కింద పెట్టి, బస్సు పోతుందంటూ లేచింది.

ఆమె గ్లాసులు తీసుకెళ్ళి వంటింట్లో కడిగింది. ఆయన సిగ్గుపడతాడని చూపు తిప్పుకుంది. ఆయనేమో అసహ్యమనుకుని ఆ బాధను రోజూ మింగుతూ వచ్చాడు. చేతులు కడుక్కుంది, జడ విప్పి మళ్ళీ వేసుకుంది, గదిలోకి వెళ్ళి ఆయన పడుకున్న మంచమెక్కింది. కిటికీకి వీపు పెట్టి, ఆయన వైపు ఒత్తిగిలి చూసింది. పక్కకు లాగిన పెదవి, అతుకులతుకులుగా గీసుకున్న గడ్డం, కుడి కంటి కింద జారిన చర్మం, అన్నీ చూసింది.

ఆయన మొదట బిగుసుకుపోయాడు. కాసేపటికి ఎడం చెయ్యి తెచ్చి ఆమె బుగ్గ మీద పెట్టాడు.

"ముసలిదానివైపోయావే."

"తమరేదో నవయువకులైనట్టు."

నవ్వాడు. ఆ నవ్వు ఆమె విని ఎన్నాళ్ళయిందో! ఇంకాస్త దగ్గరకు జరిగింది. ఆయన ఊపిరి వేగం పెరిగింది. ఆయాసమేమో అనిపించిందామెకు. అంతే, వేళ్ళు ఆయన మణికట్టు మీదికి, కళ్ళు గోడ గడియారం మీదికి జారిపోయాయి. నర్సులకు తీరిక లేనప్పుడు వార్డులో ఆమె చేసే పనే అది. నాడి చూస్తున్నానన్న స్పృహే ఆమెకు లేదు.

"ఎలా ఉంది సిస్టర్?" నెమ్మదిగా అడిగాడు.

"నార్మలేనండీ," అనేసింది.

"అయితే డిశ్చార్జి చేసెయ్."

చెయ్యి లాక్కున్నాడు. లేచి, తలగడ చంకన పెట్టుకుని, గోడ పట్టుకోకుండా గుమ్మం దాటాడు. కాలు ఈడ్చలేదు, తూలలేదు. ఎంత బాగా నడుస్తున్నాడో అని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ముందు గది తలుపుకు లోపలి గడియ పడ్డ చప్పుడు విన్నాక గానీ, ఆయన ఎక్కడికి నడిచాడో ఆమె బుర్రకెక్కలేదు.