పన్నెండు నెలల రూలు

అర్హత ఉన్న ఒక అమ్మాయికి అర్హత లేదని అబద్ధం చెప్పాను. పొరపాటు పడి కాదు. రూలు నాకు తెలుసు. ముందురోజే చదివాను, అర్థం చేసుకున్నాను, మర్నాడు ఆమె ఎదురుగా కూర్చుని తప్పుగా చెప్పాను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. చర్చిలో ఎవరైనా కొత్తవాళ్ళకి నన్ను చూపించి "అంకుల్‌ని అడగండి, ఆయన రూల్స్ అన్నీ చదువుతారు" అన్నప్పుడల్లా, వెనక నుంచి ఎవరో మెడ మీద చెయ్యి వేసినట్టుండేది. నవ్వేవాణ్ణి. ఏం చేస్తాను మరి?

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. పేరు పెడితే నా ఎరుకలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తారు. పోనీలెండి అంకుల్, ఆ కష్టంలో ఏదో అన్నారు అంటారు. అలా అనిపించుకోవడానికి రాయట్లేదు.

మేం ఉండేది అమెరికాలో, చికాగో దగ్గర అరోరాలో. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాం, అంటే ఆమె వచ్చింది, ఆమె వెనక నేను వచ్చాను. వేర్‌హౌస్‌లో పెట్టెలు ఎక్కించాను, దించాను, రిటైరయ్యాను. మొదట్లో ఒక లాయరు మా గ్రీన్‌కార్డ్ కాగితాలు తప్పుగా నింపి, అడిగితే మీకు అర్థం కాదు అన్నాడు. నాకు అర్థం కాదా? ఆ కోపంతో లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో రూలూ చదవడం మొదలుపెట్టాను. కోపం తగ్గలేదు గానీ చదవడం వచ్చింది.

మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ల చర్చిలోనే ఆరాధన, అయ్యాక కింద హాల్లో భోజనాలు. ఒక చేతిలో పేపర్ ప్లేటు, ఇంకో చేతిలో ఫోనూ పట్టుకుని పిల్లలు నా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్ళు. హెచ్‌వన్ ట్రాన్స్‌ఫర్‌లో ఉండగా ఇండియా వెళ్ళొచ్చా అంకుల్? మా అమ్మ ఇంకో మూడు నెలలు ఉండొచ్చా అంకుల్? లాయరు చెప్పినా, కంప్యూటర్లో కనబడుతున్నా, పెద్దవాడి నోట వింటే తప్ప మనవాళ్ళకి నమ్మకం కుదరదు. అది మన అలవాటు. ఆ అలవాటు మీద నేను రాజులా బతికాను. నిజం చెప్పాలంటే వేర్‌హౌస్‌లో పోయిన పరువంతా ఆ టేబుల్ దగ్గర తిరిగి సంపాదించుకున్నాను.

ఆమె పేరు హెప్సి అనుకుందాం. భీమవరం వైపు అమ్మాయి. వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువులు. వైట్‌స్పాట్ జబ్బు వచ్చి చెరువు మొత్తం చచ్చి తేలడం, నాన్న గట్టు మీద కూలబడడం చిన్నప్పుడే చూసింది. పంతం పట్టి ఆ జబ్బు మీదే పీహెచ్‌డీ చేసింది. తర్వాత హైదరాబాద్‌లో కొన్నేళ్ళు, బెల్జియంలో ఒక ల్యాబ్‌లో పది నెలలు పనిచేసింది. అక్కడ ప్రాజెక్ట్ ముగిసిపోతే చికాగో పక్కన, ఎలుకల మీద పనిచేసే ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా వచ్చింది. రొయ్యల పిల్లకి ఎలుకలతో ఏం పని? వీసా కావాలి, జీతం కావాలి, అంతే. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండేది.

అప్పటికి కొన్ని నెలల ముందే మా ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. జన్మంతా ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఒళ్ళు తుడిచిన మనిషి, తన ఒంటి మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యకూడదని పట్టుబట్టింది. చూసుకోవడానికి ఏజెన్సీ నుంచి వచ్చినామెని ఎడం చేత్తో తోసేసింది. నన్నయితే దగ్గరికే రానిచ్చేది కాదు. హెప్సిని రానిచ్చింది. ఎందుకో తెలీదు. ల్యాబ్ నుంచి వచ్చి చేతులు కడుక్కుని, "ఏంటి ఆంటీ, అంకుల్ మీద ఇవాళ ఎన్నిసార్లు అలిగారు?" అంటూ తల దువ్వేది. మా ఆవిడ నోరు ఒక పక్కకే నవ్వేది. ఆ ఒక పక్క నవ్వు కోసం నేను పొద్దుటినుంచీ ఎదురుచూసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, భోజనాల దగ్గర, హెప్సి మొహం వెలిగిపోతూ వచ్చింది. బెల్జియం ప్రొఫెసర్ మెయిల్ రాశాడట. యూరప్ వాళ్ళ ఫెలోషిప్‌కి తన ల్యాబ్ తరఫున అప్లై చెయ్యమన్నాడట. రిసెర్చ్ చేసేవాళ్ళు ఒక దేశం నుంచి ఇంకో దేశం వెళ్ళి పని నేర్చుకోవడానికి వాళ్ళే జీతమిచ్చి తీసుకెళ్ళే పథకం అది. వస్తే రెండేళ్ళపాటు, తన సొంత ప్రాజెక్ట్ మీద, రొయ్యల జబ్బు మీద పని. పీహెచ్‌డీ అయి ఎనిమిదేళ్ళు దాటకూడదు. హెప్సికి ఎనిమిదో ఏడు. ఆ ఏడాది కాకపోతే ఇంకెప్పుడూ లేదు.

"వాళ్ళ రూల్స్ గైడ్ తెరిచాను అంకుల్, ఒక్కో సెంటెన్స్ మూడు లైన్లుంది. ఎలుకలతో సగం బుర్ర పోయింది. మీరు చూసి చెప్పరూ" అంది.

చూశాను. ఆ సాయంత్రమే చూశాను. వెళ్ళబోయే దేశంలో గత మూడేళ్ళలో పన్నెండు నెలలకి మించి ఉండి ఉండకూడదు. హెప్సి ఉన్నది పది. ఇందులో అర్థం కానిదేముంది?

కానీ ఆ గైడ్ చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. శిక్షణ అట. మొబిలిటీ అట. కెరీర్ ఎదుగుదల అట. మనిషి సముద్రం దాటితే ఎదురు జీతమిస్తారట, పెళ్ళాంబిడ్డలుంటే వాళ్ళకీ కలిపి ఇస్తారట. నేను దాటలేదా సముద్రం? నా మొబిలిటీకి ఎవడిచ్చాడు? పెళ్ళాం వెనక సూట్‌కేసులు మోసుకుంటూ వచ్చినవాడికి ఏ దేశం ఏ శిక్షణ ఇచ్చింది? పక్క గదిలోంచి మా ఆవిడ మూలుగు వినిపించింది. ఈ పిల్ల వెళ్ళిపోతే ఈమె గతేంటి అనుకున్నాను. ఏది ముందు అనుకున్నాను, ఏది తర్వాత? ఇన్నేళ్ళుగా ఆ క్రమాన్ని నాకు అనుకూలంగా మార్చుకుంటూ వచ్చాను. మా ఆవిడ మూలుగే ముందు అని, మంట తర్వాత అని. ఇవాళ మీకు చెబుతున్నాను. మంటే ముందు.

మర్నాడు సాయంత్రం హెప్సి మా వంటింట్లో నిలబడి మా ఆవిడ తాగే నీళ్ళలో చిక్కబరిచే పొడి కలుపుతోంది. పల్చటి నీళ్ళు తాగితే మా ఆవిడకి పొలమారేది.

"ఏంటంకుల్, ఏం తేలింది?"

"నువ్వు బెల్జియంలో ఉండొచ్చావు కదమ్మా."

"పది నెలలే కదంకుల్."

"ఉండొచ్చినవాళ్ళకి మళ్ళీ ఆ దేశానికి ఇవ్వరమ్మా. మొబిలిటీ అంటే అదే. కొత్త దేశం అయ్యుండాలి."

చెంచా తిప్పడం ఆపింది. "పన్నెండు నెలలని ఎక్కడో చూసినట్టున్నానే."

"అది వేరే కేటగిరీ వాళ్ళకి."

మళ్ళీ చెంచా తిప్పింది. తర్వాత నవ్వింది. "మా నాన్న రొయ్యలే నయం అంకుల్. ఐసులో పెడితే చాలు, అమెరికా రమ్మంటుంది, యూరపూ రమ్మంటుంది. ఏ రూలూ అడ్డం రాదు."

నేనూ నవ్వాను. అవును, నవ్వాను.

"మరి ప్రొఫెసర్‌కి ఏం రాయను? రూల్ ఒప్పుకోవట్లేదని రాస్తే వాళ్ళ ఆఫీస్‌లో కనుక్కుంటాడేమో కదా?"

"వద్దు వద్దు. అంత పెద్దమనిషిని రూల్స్ కోసం తిప్పితే ఏం బాగుంటుంది? ఫ్యామిలీ రీజన్స్ అని రాసెయ్. మర్యాదగా ఉంటుంది."

"సరే అంకుల్. మీరు చూశాక ఇంక నేను చూసేదేముంది" అంది. కప్పు పట్టుకుని మా ఆవిడ గదిలోకి వెళ్ళింది. "ఆంటీ, మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోవట్లేదు లెండి, ఏసు ప్రభువు వీసా ఇవ్వలేదు" అనడం వినిపించింది. మా ఆవిడ ఒక పక్కకి నవ్వే ఉంటుంది. నేను చూడలేదు. చూడాలనిపించలేదు.

మొదటి అబద్ధం నోరు జారిందని అనుకోవచ్చు. రెండోది? ఆ దారి కూడా మూసెయ్యాలని, మర్యాద పేరు చెప్పి మూసేశాను. పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని మనం పిల్లలకి నేర్పుతాం చూశారా, దాన్నే గొళ్ళెంగా వాడాను.

గడువు ఇంకా మూడు వారాలుంది. చెప్పొచ్చు. "అమ్మా, మళ్ళీ చదివాను, నాదే పొరపాటు" అంటే సరిపోయేది. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. ఆమె పొద్దున్నే బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చి "కాఫీ ఉందా అంకుల్" అనేది. ఉందమ్మా అనేవాణ్ణి. అంతే అనేవాణ్ణి. ఒక రోజు గొంతుదాకా వచ్చింది కూడా. అప్పుడే మా ఆవిడ గదిలోంచి ఆ పిల్లని పిలిచింది, ముద్ద మాటతో, పేరు పెట్టి. నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయింది? మాట మింగేశాను. గడువు దాటిపోయింది. దాటిన రోజు నాకు కంటినిండా నిద్ర పట్టింది. అది కూడా చెప్పాలి కదా.

ఇంత చేసి నేను సంపాదించిందేమిటి? ఒక్క చలికాలం. మంచు కరిగేసరికి ఎలుకల ల్యాబ్‌లో గ్రాంట్ ఆగిపోయింది. ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి ఆమె వీసాకి గడువు తక్కువ. దొరికింది దొరికినట్టు టెక్సస్‌లో, మందుల కంపెనీల ట్రయల్స్ కాగితాలు తనిఖీ చేసే ఆఫీస్‌లో చేరింది. అక్కడే కాపెల్‌లో ఇల్లు, పెళ్ళి, ఒక పాప. మళ్ళీ ల్యాబ్‌లో అడుగు పెట్టలేదు. మా ఆవిడ ఆ తర్వాతి ఏడు పోయింది. సమాధి దగ్గరికి హెప్సి ఫ్లైట్‌లో వచ్చింది. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని వెనక్కి లాక్కోవాలనిపించింది, లాక్కోలేదు. అందరూ చూస్తున్నారు కదా.

ఆ పిల్ల బాగానే ఉంది అని ఎన్నిసార్లు అనుకున్నానో. పెద్ద ఇల్లు, మంచి జీతం. బెల్జియం వెళ్ళి ఉంటే ఇవన్నీ ఉండేవా? ఇలా అనుకున్న ప్రతిసారీ నాకు ఆ లాయరు గుర్తొచ్చేవాడు. మీకు అర్థం కాదు అన్నవాడు. వాడు కనీసం తెలివి లేక తప్పు చేశాడు.

ఇంకా కొన్నాళ్ళు ఇలాగే మోసుకుని పోయేవాణ్ణేమో. మొన్న హెప్సి ఫోన్ చేసింది. తన ఆఫీస్‌లో సుధ అని ఒకామె ఉందట, ఆమె చెల్లెలు అదే ఫెలోషిప్‌కి అప్లై చెయ్యాలనుకుంటోందట. ఆ పిల్ల కూడా వెళ్ళాలనుకున్న దేశంలోనే కొన్నాళ్ళు ఉండొచ్చింది. "నాలాగే పాపం, ఏడాది లోపే అంకుల్. రాదని చెప్పేశాను. అయినా రూల్ మారిందేమోనని, మిమ్మల్నొకసారి అడిగి కన్‌ఫర్మ్ చేద్దామని" అంది.

నేను చెప్పిన అబద్ధం ఇంకో మనిషిని పట్టుకోబోతోంది, అదీ హెప్సి నోటితో. చూసి చెబుతానమ్మా అని పెట్టేశాను. చూసేదేముంది? ఈసారి నిజం చెబితే పాతది బయటపడుతుంది. అబద్ధం చెబితే, ఇప్పుడు సాకు చెప్పుకోవడానికి మూలిగే మనిషి కూడా ఇంట్లో లేదు.

నోటితో చెప్పే ధైర్యం లేక వాట్సాప్‌లో రాశాను. రూల్ మారలేదమ్మా, అప్పుడూ ఇదే, నీకు అర్హత ఉంది, నాకు తెలిసే లేదని చెప్పాను, ప్రొఫెసర్‌కి అలా రాయించిందీ అందుకే. ఆంటీని చూసుకుంటావని ఆశ ఒకటి, నాకు దొరకనిది నీకు దొరుకుతోందన్న మంట ఒకటి, మంటే ఎక్కువ. సుధ చెల్లెల్ని అప్లై చెయ్యమను. క్షమించమని రాయలేదు, ఆ భారం కూడా ఆమె మీద పెట్టడం ఎందుకని. కానీ చివర్లో, ఇది చెప్పాక నా గుండె తేలికైందమ్మా అని ఒక వాక్యం రాశాను. నిజమే రాశాను. పంపగానే ఊపిరి ఆడింది.

రెండు నీలం టిక్కులు ఆ గంటలోనే వచ్చాయి. జవాబు రాలేదు. ఆదివారం వచ్చింది, చర్చిలో ఎవరో ప్లేటు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వస్తే, నన్ను అడగొద్దు, మీరే చదువుకోండి అన్నాను. కోపంగా అన్నానేమో, బిత్తరపోయి వెళ్ళిపోయారు. ఆ మర్నాడు జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు కింద రాస్తున్నాను.

"అంకుల్, మెసేజ్ చూశాను. సుధ చెల్లెలికి చెప్పాను, అప్లై చేస్తోంది. అప్పుడు నేను అప్లై చేసినా రాకపోయేదేమో, చాలామందికి రాదు. వాళ్ళు కాదంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. రూల్ ఒప్పుకోలేదు కదా, నా చేతుల్లో ఏముంది అని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. మా నాన్నకీ అదే చెప్పాను. ఇప్పుడు ఆయనకేం చెప్పాలో తెలీట్లేదు. మీకు తేలికైందని రాశారు. నాకు మొన్నటిదాకా తేలిగ్గానే ఉండేది అంకుల్."