నీళ్ల డ్రమ్ములో ముంచిన స్టార్టర్

ప్రపంచంలో ఎక్కడ బాంబు పేలినా దాని మీద ఓ అభిప్రాయం చెప్పనిదే నాకు అన్నం దిగదు. డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివిన పాపం అది. ఆ పొద్దున ఏదో దూరదేశంలో, రైల్వే స్టేషన్‌లో వదిలేసిన సంచి పేలి చాలామంది పోయారని వార్త. సుబేదారిలోని మా ఇంట్లో ఉప్మా చల్లారేదాకా మా ఆయనతో వాదించాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఓడించాను.

తర్వాత మరిపెడలో చుట్టాలింటికని హనుమకొండ బస్టాండులో బస్సెక్కాను. కిటికీ పక్క సీట్లో ఒక సంచి ఉంది, మనిషి లేడు. సంచి మూతిలోంచి ఎర్రవీ నల్లవీ వైర్లు వేలాడుతున్నాయి.

కిటికీలోంచి దస్తీయో సంచో విసిరి సీటు ఆపుకోవడం మా దగ్గర జన్మహక్కు. నేనూ ముప్పై ఏళ్లుగా విసురుతున్నాను, ఒకసారి చెప్పు కూడా విసిరాను. ఆ క్షణాన అదేమీ గుర్తు రాలేదు.

"ఎవలూ ముట్టకుండ్రి! బాంబు!" అని అరిచాను.

బస్సు ఖాళీ అయింది. అందరికంటే ముందు దిగింది నేనే.

"పోలీసులకు ఫోన్ చేస్త మేడం, జర ఆగుండ్రి," అన్నాడు కండక్టర్.

"వాళ్లొచ్చేదాక అది ఆగుతదా? నీళ్లల్ల ముంచాలె!"

ఎక్కడ చదివానో ఇప్పటికీ తెలియదు. నా గొంతు నమ్మి పాపం ఆయన కర్రతో సంచిని లేపి, చాయ్ హోటల్ ముందున్న నీళ్ల డ్రమ్ములో వేశాడు.

అప్పుడే హోటల్లోంచి గ్లాసుతో వచ్చిన ఒక రైతు, "అయ్యో, నా స్టార్టర్!" అని గ్లాసు పారేసి డ్రమ్ములో చేతులు పెట్టాడు. బోరు మోటరు నడిపే డబ్బా అది. రిపేరు చేయించుకుని ఊరికి తీసుకుపోతున్నాడట.

"సీటు కోసం పెట్టిన గదమ్మా! ఇయ్యాల నీళ్లు పారకపోతే మిరపతోట పూతంత రాలుతది," అన్నాడు.

"సదువుకున్నోళ్లే గిట్ల జేస్తే ఎట్ల?" అంది పక్కనున్న ముసలమ్మ.

ఆటో పిలిచి రైతును ఆ డబ్బా బాగుచేసిన మెకానిక్ దగ్గరికే తీసుకుపోయాను.

"పొద్దుగాలనే బాగుజేసి ఇస్తి గదనే. బాయిల పడేసినవా?" అన్నాడు మెకానిక్, డబ్బాలోని నీళ్లు వంచుతూ.

"లేదే. బాంబనుకొని మేడం సల్లార్పింది."

వేడిగాలి మిషనుతో ఆరబెడుతుంటే స్టూళ్ల మీద కూర్చున్నాం. పొద్దుటి వార్త చెప్పి, అందుకే భయపడ్డానన్నాను. "పొద్దున పేలిందంటిరి గద, ఎవలు సచ్చిపోయిండ్రమ్మా?" అని రైతు అడిగాడు. ఏ గుంపు చేసిందో, ఎందుకు చేసిందో మొదలుపెట్టాను. "అది గాదమ్మా. సచ్చినోళ్లెవలు?"

గంటసేపు వాదించిన నాకు ఆ సంగతి తెలియదు. "ఊర్లకు పోయేటోళ్లన్నా," అన్నాను.

"మన లెక్కనేనా," అన్నాడు.

మరో బస్సులో ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మరిపెడ ముందే ఆయన ఊరు. మనసాగక నేనూ అక్కడే దిగి తోట దాకా నడిచాను. వైర్లు బిగించి బటన్ నొక్కాడు. మోటరు మూలిగింది, దగ్గింది, తర్వాత పైపులోంచి నీళ్లు దుమికాయి.

"ఎవలీమె?" అని ఆయన భార్య అడిగింది.

"ఫోన్ల జెప్పిన గద, బాంబు మేడం."

ఆమె నడుము పట్టుకుని నవ్వింది. "నీళ్లొచ్చినయ్ గదక్కా, ఇగ ఫికర్ వద్దు. నువ్వు పో."

పోలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చివరి సాలు తడిసేదాకా ఆ బురదలోనే నిలబడ్డాను.