చింతపండు వాసన

గవర్నరుపేటలో పూర్ణచంద్రరావుగారు పాత నాణేలకూ విదేశీ నాణేలకూ విలువ కడతారు. నాణేన్ని అంచులు పట్టుకునే తిప్పుతారు. తోమి తెచ్చినవాళ్లను కసురుతారు. తోమితే విలువ పడిపోతుంది. నిన్న మైలవరం రైతు ఒకాయన బల్ల మీద పోసిన విక్టోరియా రూపాయలు, బర్మా నాణేలు తళతళలాడాయి. ఆయన ఒకటి వాసన చూశారు. చింతపండు.

“ఎవరు తోమారండీ?”

“మా ఆవిడండీ. మెరిస్తే ఎక్కువొస్తాయని కూర్చుని తోమింది. పాడయ్యాయాండీ?”

ఆయన భూతద్దం పక్కన పెట్టేశారు. భార్య రమాసుందరి కూడా ఒకసారి ఆయన పుట్టినరోజుకని నాణేలన్నీ ఇలాగే తోమిపెట్టింది. ఆయన అన్న మాటకు, పోయేదాకా ఆమె మళ్లీ ఆ నాణేల బీరువా ముట్టుకోలేదు.

“రూపాయలకు వెండి ధరే వస్తుందండీ. మిగతావాటికి పెద్దగా రాదు. ఆ సంగతి ఆవిడకు చెప్పకండి. చాలా బాగా తోమారన్నానని చెప్పండి.”