నాలుగింటికి కోసేసే మొగ్గలు

మా ఇంట్లో మల్లెలు చెట్టు మీద విచ్చుకోగా చూడటానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. చెట్టు లేక కాదు. నాటింది నేను, నీళ్ళు పోసింది నేను, మాఘమాసంలో నీళ్ళు మాన్పించి ఆకు దూసింది నేను. చూడనివ్వలేదు, అంతే. ఎవరెవరు చూడనివ్వలేదో నాకు వరసగా గుర్తుంది.

మల్లె సంగతి అందరికీ తెలిసిందే. మధ్యాహ్నం దాటాక మొగ్గ తెల్లబడి బిగుస్తుంది. నాలుగింటికల్లా కోసి కట్టాలి. అప్పుడు దీపాలవేళకు జడలో విచ్చుకుంటుంది. విచ్చిన పువ్వు దండకు పనికిరాదు. అందుకని ఆడవాళ్ళున్న ఇంట్లో మల్లెచెట్టుకు మొగ్గలే తప్ప పువ్వులుండవు. నేను ఆఫీసు నుంచి అయిదున్నరకు ఇంటికొచ్చేసరికి చెట్టు మీద ఆకులు మాత్రం మిగిలేవి.

మిగతా పూల మీద నాకు ఫిర్యాదు లేదు. అరవైల మొదట్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమస్తాగా బాపట్లలో ఉన్నప్పుడు మాది అద్దె ఇల్లు. దొడ్డంతా ఇసకనేల. ఏం నాటినా బతికేది. తొలకరి పడగానే నూరువరహాలు గుత్తులు గుత్తులుగా ఎర్రబడేవి. గోడ వెంట చంద్రకాంతలుండేవి. చంద్రకాంతలంటే నాకు గౌరవం. మనిషి పని ముగించుకుని ఇంటికొచ్చే వేళకు అవి విచ్చుకుంటాయి, వాటిని ఎవరూ కోసుకుపోరు. ఆశ్వయుజంలో బంతి, కార్తీకం వెళ్ళాక చేమంతి. చేమంతి పది రోజులు చెట్టు మీదే ఉంటుంది, చూసేవాడికి తీరిక ఇస్తుంది. చలి ముదిరాక డిసెంబరాలు ఊదారంగులో, తెలుపులో పూసేవి. కాఫీ గ్లాసు పట్టుకుని ఆ మొక్కల దగ్గర ఎండలో నిలబడితే ఆఫీసుకు ఆలస్యమయ్యేది. నందివర్ధనాలు మాత్రం తెల్లారకముందే మాయమయ్యేవి. దేవుడికని కోసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదని మా వీధిలో అందరి నమ్మకం. ఎవరెవరు కోసేవారో నాకు తెలుసు. వాళ్ళ దేవుళ్ళకు కూడా తెలిసే ఉంటుంది.

ఎండాకాలానికి బొండుమల్లె. పెళ్ళయిన ఏడాది నాటాను. మరుసటి చైత్రానికి నిండుగా మొగ్గ తొడిగింది. మా ఆవిడను అడిగాను.

“ఒక్కరోజు కొయ్యకుండా ఉంచు.”

“ఎందుకండీ?”

“విచ్చుకుంటుంటే చూస్తాను.”

“నా తలలో చూడండి” అంది. ఆ జవాబుకు నేను సంతోషించాలని ఆమె ఉద్దేశం కాబోలు. నేను సంతోషించలేదు. చివరికి ఆదివారం కొయ్యనని ఒప్పుకుంది.

ఆదివారం మూడింటికే ఇల్లుగలావిడ పూలసజ్జ పట్టుకుని దొడ్లోకి వచ్చింది. “అన్నయ్యగారూ, మా అమ్మాయికి పూలజడ వేయిస్తున్నాం. బజార్లో కొందామనుకున్నాను గానీ, మన చెట్టుకు ఇన్ని ఉండగా కొనడమేంటి?” అంటూనే కోయడం మొదలుపెట్టింది. నా సమాధానం కోసం ఆగలేదు. నేను నాటిన చెట్టు ఆవిడ నోట్లో “మన చెట్టు” అయింది. మా ఆవిడ కూడా వెళ్ళి కోతకు సాయం చేసింది.

వారం తర్వాత ఇల్లుగలావిడ ఫోటో తెచ్చి చూపించింది. పిల్ల స్టూడియోలో బొమ్మలా కూర్చుంది. వెనక నిలువుటద్దం పెట్టి, అందులో జడ కనపడేటట్టు తీశారు. అద్దంలో నా మొగ్గలు నడుం దాకా వరసలు తీరి ఉన్నాయి. “చూడండి, మీ మల్లెలు ఎంత బాగా పడ్డాయో!” అంది. ఫోటో దగ్గరికి వచ్చేసరికి మల్లెలు మళ్ళీ మావి అయ్యాయి.

“విచ్చుకోలేదుగా” అన్నాను.

“విచ్చుకుంటే ఫోటోలో ఏం బావుంటాయి అన్నయ్యగారూ!” అని నవ్వింది.

ఆ తర్వాత బాపట్లలో గడిచిన ఎండాకాలాల్లో పేరంటాలు, నోములు, ఎవరెవరి పెళ్ళిచూపులో అడ్డొచ్చాయి. అవన్నీ రాస్తే చదివేవాళ్ళకు విసుగు. నాకు గుర్తుంటే చాలు.

రేపల్లెకు బదిలీ అయినప్పుడు చెట్టును వదిలిపెట్టబుద్ధి కాలేదు. ఒక కొమ్మ వంచి, మట్టిలో తొక్కి, మీద ఇటుక పెట్టి, వేళ్ళు వచ్చాక నూనెడబ్బాలోకి మార్చాను. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తెనాలి వరకు ఒక బండి, అక్కణ్ణించి రేపల్లెకు ఇంకో బండి. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చాలాసేపు చూసి, “ఏంటండీ, పుదీనానా?” అన్నాడు. మల్లె ఆకును పుదీనా అన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మొహం మాత్రం మరిచిపోలేదు.

రేపల్లెలో దొడ్డి బంకమన్ను, బావినీళ్ళు ఉప్పన. మొక్కను డబ్బాలోనే ఉంచి, వీధి కుళాయి నీళ్ళు మోసుకొచ్చి పోసేవాణ్ణి. ఆ ఏడాదే మా అక్కయ్య మా ఇంటికి వచ్చేసింది. బావ పోయాడు, పిల్లలు లేరు. కర్లపాలెంలో అత్తవారింట్లో ఉండలేకపోయింది. నాకంటే ఆరేళ్ళు పెద్ద.

అక్కయ్యకు దండ కట్టడంలో మంచి పేరు. అరటినార తడిపి, సూది లేకుండా, వేళ్ళతోనే ముడి బిగించేది. ఆమె కట్టిన దండ పట్టుకుని దులిపినా ఒక్క మొగ్గ జారేది కాదు. బావ పోయాక తను పూలు పెట్టుకోవడం మానేసింది. ఆ రోజుల్లో అది మామూలు, ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవారు కారు. కట్టడం మాత్రం మానలేదు.

ఆ ఎండాకాలం డబ్బాలో చెట్టు మొదటిసారి పద్దెనిమిది మొగ్గలు వేసింది. పొద్దున లెక్కపెట్టి ఆఫీసుకు వెళ్ళాను. వచ్చేసరికి అక్కయ్య గడపలో కూర్చుని కడుతోంది. మా ఆవిడ తల దువ్వుకుని పక్కన సిద్ధంగా ఉంది. డబ్బా దాకా వెళ్ళి చూసి వెనక్కి వచ్చాను.

“నువ్వు పెట్టుకునేది లేదుగా అక్కయ్యా. కొయ్యడానికి నీకెందుకంత తొందర?” అన్నాను.

మా ఆవిడ దువ్వెన ఆగిపోయింది. అక్కయ్య తల ఎత్తలేదు. ఇంకా మూడు మొగ్గలు మిగిలి ఉన్నాయి. ఆ మూడూ కట్టి, నార తెంపి, దండ మా ఆవిడ చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు పదకొండు మొగ్గలు. ఇంటికొచ్చేసరికి పదకొండూ చెట్టు మీదే ఉన్నాయి. చూడగానే సంగతి అర్థమైంది. నేను లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాను.

కాసేపటికి దొడ్లోంచి అక్కయ్య పిలిచింది. “తమ్ముడూ, విచ్చుకుంటున్నాయిరా. రా, చూడు.”

నేను లేవలేదు.

“ఒరేయ్, నిన్నేరా! ఇదుగో, ఇది సగం విచ్చింది. చీకటి పడితే కనపడవు, తొందరగా రా.”

మా ఆవిడ వచ్చింది. “పిలుస్తుంటే వినపడలేదా అండీ?”

“వినపడింది.”

నా వాదన ఏమిటంటే, ఆమె నన్ను తిట్టవలసింది. తిట్టకుండా, బొమ్మ కోసం ఏడ్చే పిల్లాడికి ఇచ్చినట్టు పదకొండు పూలు ఇచ్చింది. అలా ఇస్తే నాకు అక్కర్లేదు. అప్పుడు అలా అనుకున్నాను. పొద్దున వెళ్ళి చూస్తే డబ్బా చుట్టూ పూలు రాలి ఉన్నాయి. రెక్కల అంచులు అప్పటికే ఎరుపు తిరిగాయి. సాయంత్రం నాలుగింటికి అక్కయ్య మళ్ళీ సజ్జ తీసింది.

డెబ్భైల మొదట్లో తెనాలి వచ్చాం. నల్లరేగడి నేల, కాలవనీళ్ళు. డబ్బా కోసి మొక్కను నేలలో పెట్టాను. రెండేళ్ళలో దొడ్డిగుమ్మం మూసుకుపోయేంత పొదయింది. చుట్టూ మిగతావీ పెంచాను. వానాకాలానికి సన్నజాజి పందిరి, చలికాలానికి డిసెంబరాలు. వీధంతా మా దొడ్డిని మెచ్చుకునేవారు. మెచ్చుకుంటూనే కోసుకునేవారు. ఎండాకాలం మూడున్నర అయ్యేసరికి నాలుగిళ్ళ ఆడవాళ్ళు సజ్జలతో వచ్చి అక్కయ్య చుట్టూ చేరేవారు. కొయ్యడం వాళ్ళు, కట్టడం అక్కయ్య. వాళ్ళ నవ్వులు వీధి మలుపు దాకా వినిపించేవని ఆఫీసులో ఒకాయన నాతో అన్నాడు. “ఏంటి సార్, ఇంట్లో పూలకొట్టు పెట్టారటగా?” అని కూడా అన్నాడు. ఆ మాటన్నాక పదవీవిరమణ చేసేదాకా ఆయనతో పనికి మించి మాట్లాడలేదు.

చెట్టు మొత్తం దక్కదని తెలిసి ఒక్క కొమ్మ అడిగాను. ఆఫీసు కట్టలకు చుట్టే ఎర్రనాడా తెచ్చి గోడవైపు కొమ్మకు కట్టాను. నాడా ఉన్న కొమ్మ ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పాను. ఆ సాయంత్రం వచ్చి చూస్తే నాడా ఉంది, మొగ్గలు లేవు. పక్కింటి పిన్నిగారు కోసిందట. అడిగితే, “నాడా చూశాను బాబూ. ఇంత మొగ్గ తొడిగింది గదా, దిష్టికి కట్టారేమో అనుకున్నా” అంది. మర్నాడు తన ఇంట్లో బీరపాదుకు కూడా ఒక ఎర్రగుడ్డ కట్టింది.

ఆ రోజు అక్కయ్య బాగా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, “ఒరేయ్, చెట్టు మీద విచ్చుకుంటేనేం, తలలో విచ్చుకుంటేనేం? ఎక్కడో అక్కడ విచ్చుకుంటున్నాయి గదా. నీ కంటికి కనపడలేదని అలుగుతావేంట్రా?” అంది.

“రేపల్లెలో కనపడేవి. నేనే లేచి రాలేదు” అందామనుకున్నాను. అనలేదు. రేపల్లె మాట ఎత్తితే అంతకుముందు రోజు మాట కూడా ఎత్తాలి.

వైశాఖంలో అక్కయ్య పోయింది. మూడు రోజుల జ్వరం. సోమవారం కూడా దండలు కట్టింది, గురువారం పొద్దున లేదు. మరిది కొడుకు కర్లపాలెం నుంచి వచ్చి తలకొరివి పెట్టాడు. మిగతా కర్మ వాళ్ళ ఊళ్ళోనే చేస్తానని ఆ రాత్రే వెళ్ళిపోయాడు. ఇంట్లో నేను, మా ఆవిడ మిగిలాం. గోత్రం వేరు కాబట్టి మాకు మూడు రోజులే మైల.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళలేదు. దొడ్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూడున్నర అయింది, నాలుగయింది. ఎవరూ రాలేదు. మైల ఇంటి పూలు ఎవరూ ముట్టుకోరు, దేవుడికీ పనికిరావు, తలకూ పనికిరావు. మా ఆవిడ నీళ్ళు తోడుకోవడానికి వచ్చి చెట్టువైపు చూసి, నావైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు తట్టింది నాకు, ఈ పూట చెట్టు మొత్తం నాదని.

చూసింది చూసినట్టు రాస్తాను. ఎండ గోడ దిగాక మొదలయింది. ముందు మొగ్గ మొన దగ్గర వదులైంది. తర్వాత పై రెక్క ఒకటి పక్కకు జరిగింది. జరుగుతుండగా కంటికి తెలియదు, ఇంకో కొమ్మ చూసి వచ్చేసరికి తెలుస్తుంది. కింది కొమ్మలు ముందు, పై కొమ్మలు తర్వాత. అరగంటలో ఆకుపచ్చ తగ్గి తెలుపు ఎక్కువయింది. వాసన మొదట లేదు, ఒక్కసారిగా వచ్చింది. చీకటి పడేసరికి గోడ కనపడటం లేదు గానీ చెట్టు కనపడుతోంది. నేను పద్నాలుగేళ్ళు అనుకున్నదానికంటే బాగుంది. ఆ సంగతి దాచడం న్యాయం కాదు.

రా, చూడు అని పిలిచేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

మర్నాడు మళ్ళీ విచ్చాయి. రెండు రోజులూ అదే కుర్చీలో కూర్చున్నాను. పొద్దున్నే రాలిన పూలు నేనే ఊడ్చాను. రేపల్లెలో రాలిన వాటిలాగే అంచులు ఎర్రగా ఉన్నాయి.

ఇతరులు నన్నన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి. రేపల్లె గడపలో అక్కయ్యతో అన్నది మాత్రం నేనన్న మాట. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి అక్కయ్య దాన్ని ఒక్కసారి కూడా తిరిగి ఎత్తలేదు. ఎత్తి ఉంటే తప్పయిపోయిందని నేను అనే వీలుండేది. ఆ వీలు ఇవ్వలేదు. ఆమె మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

నాలుగో రోజు ఇల్లు కడిగి స్నానాలు చేశాం. సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ సజ్జ పట్టుకుని దొడ్డిగుమ్మంలో నిలబడింది.

“కొయ్యనా అండీ?”

పద్నాలుగేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

“కొయ్యి.”

“నాడా కొమ్మ?”

“అది కూడా.” నేనే వెళ్ళి నాడా విప్పాను. ముడి గట్టిపడింది, గోళ్ళతో రాలేదు, పళ్ళతో లాగాను.

పక్కింటి పిన్నిగారు వచ్చి కోతలో చెయ్యి వేసింది. ఇద్దరూ గడపలో కూర్చుని కట్టారు. దండ ఎత్తి చూపిస్తే నాలుగు మొగ్గలు జారి కింద పడ్డాయి.

“మీ అక్కయ్యగారు కట్టినట్టు లేదు బాబూ” అంది పిన్నిగారు.

“లేదండి” అన్నాను.

ఆ మాట కూడా గుర్తుంది నాకు. కానీ మిగతావాటితో కలిపి పెట్టుకోలేదు.