ఏ ఊరండీ?

మనవరాలిని రాజమండ్రిలో యూనివర్సిటీ హాస్టల్లో చేర్చడానికి వెళ్ళినప్పుడు, వార్డెన్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఏ ఊరండీ?" అని అడిగారు. వచ్చిన ప్రతివాళ్ళనీ ఆవిడ మొదట అడిగేది అదే.

ఆ ప్రశ్న వెనకాల ఏ ప్రశ్న వస్తుందో నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక హాస్టల్లో దానికి జవాబు చెప్పినందుకే నా విస్తరి వరండాలో వేశారు. ఆ రోజే బడి మానేశాను. తరవాత చదివిందంతా సొంతంగానే.

"ఊరెందుకమ్మా, సూటిగా కులమే అడగండి," అన్నాను.

ఆవిడ దరఖాస్తులో మా ఊరి పేరు చూసుకున్నారు. మాతో బస్సులో వచ్చిన మా ఊరి కామందు గారమ్మాయిని మేడ మీద గదికి పంపి, మా పిల్లకి కింద గది చూపించారు. అనుకున్నంతా అయింది! మనవరాలు ఏడుపు మొదలెట్టింది.

"ఇంటికెళ్ళిపోదాం తాతా. నాకీ చదువొద్దు."

పెట్టె ఎత్తుకున్నాను.

"ఆగండి బాబాయ్ గారూ," అన్నారావిడ. "ఒకే ఊరి పిల్లల్ని ఒకే గదిలో వెయ్యనండి. ఊళ్ళో ఎవరు మంచమ్మీద కూర్చుంటారో, ఎవరు కింద కూర్చుంటారో, గదిలోనూ అలాగే కూర్చుంటారు."

నేను నమ్మలేదు. అయినా పెట్టె దింపాను.

కొన్నాళ్ళకి చెప్పాపెట్టకుండా వెళ్ళి చూశాను. ఆ గదిలోనే ఉండే నరసాపురం పిల్లా, మా పిల్లా ఒకే మంచమ్మీద కూర్చుని, ఒకే కంచంలో రొయ్యల పచ్చడి కలుపుకుంటున్నారు.

తిరిగొస్తుంటే ఆఫీసు గదిలో ఎవరో కొత్త పిల్లని చేర్చడానికి వచ్చారు. వార్డెన్ గారి గొంతు వినిపించింది. "ఏ ఊరండీ?"

అంతా కళ్ళారా చూసొచ్చినా, ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆ కొత్త పిల్లని ఏ గదికి పంపుతారో తేలేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాను.