మా మిద్దె మీది చైనా భాషా సంఘం

మొన్న పొద్దున వీధి మొగదల టీ అంగడికి పోతే, అంగడతను గ్లాసు నా చేతికిస్తూ, ముందురోజు మధ్యాహ్నం భుజాన సంచి తగిలించుకున్న మనిషెవరో వచ్చి చైనా భాష చెప్పే సారు ఇల్లు ఇక్కడేనా అని అడిగాడనీ, తాను తెల్దని చెప్పి పంపించేశాననీ, నాకేదో పెద్ద ఉపకారం చేసినట్టు చెప్పాడు. ఆ అంగడి మొదట పెట్టింది ఇతని తండ్రి. మా మిద్దె గురించి ఎవరు వచ్చి అడిగినా తెల్దనే చెప్పాలని ఆ తండ్రికి నేర్పింది మా చిన్నాయన. చిన్నాయన పోయాడు, ఆ తండ్రీ పోయాడు, పాఠం మాత్రం అంగడితో పాటు కొడుక్కు సంక్రమించింది. వచ్చిన మనిషి ఎవరై ఉంటాడా అని ఆలోచిస్తూ నేను టీ సగంలోనే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

నంద్యాలకూ చైనా భాషకూ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. నా ఈడు వాళ్లకు కొంచెం చెబితే చాలు, అర్థమవుతుంది. సేద్యం తప్ప మరొకటి ఎరగని మా ఇంట్లో మా నాయన తమ్ముడు ఒక్కడే చదువు పిచ్చితో ఉత్తరాదికి పోయి, అక్కడ ఎవరి మాటా వినకుండా చైనా భాష నేర్చుకుని, అక్కడి విశ్వవిద్యాలయంలోనే పంతులయ్యాడు. సరిహద్దులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు నిఘా శాఖ వాళ్లెవరో ఆయన గదికి వచ్చి, అలమరలో ఉన్న లావుపాటి నిఘంటువును చూపించి ఇందులో ఏముందని అడిగారట. నిఘంటువులో ఏముంటుందయ్యా, మాటలుంటాయి అన్నాడట ఈయన. ఆ జవాబు వాళ్లకు నచ్చలేదట. అంతకు మించి ఏం జరిగిందో ఆయన ఎన్నడూ చెప్పలేదు గానీ, ఎవరో తన మీద కన్నేసి ఉంచారని ఆ రోజు పుట్టిన అనుమానం ఆయన్ను చివరిదాకా వదల్లేదు.

ఆ రోజుల్లో దేశం మొత్తం మీద ఆ భాష చెప్పే పంతుళ్లు ఒక పెళ్లి పంక్తిలో సగానికి కూడా సరిపోరు. ఒకరి దగ్గరుండే పాఠ్యపుస్తకం ఇంకొకరి దగ్గర ఉండదు, ఒకరికి దొరికిన ఉచ్చారణ టేపులు ఇంకొకరికి అందవు. అందరం కలిసి సంఘం పెట్టుకుందామనుకున్నారు, బాగానే ఉంది, మరి రిజిస్ట్రేషనుకు చిరునామా ఎవరిస్తారు అనేసరికి అందరూ నేల చూపులు చూశారట. చివరికి పదవీ విరమణ చేసి సొంతూరు చేరిన చిన్నాయన ఇంటి మిద్దె ఆ సంఘానికి ఆఫీసయింది. నేనూ ఆయన దారినే నడిచి హైదరాబాదులో చైనా భాషా ఉపన్యాసకుణ్ణయ్యాను కాబట్టి, సెలవులకు వచ్చినప్పుడల్లా కార్యదర్శి పని నా నెత్తిన పడేది. పాఠాల ప్రతులు తీసే స్టెన్సిల్ కాగితం చిరగకుండా చైనా అక్షరాలు గీకడం ఎంత కష్టమో చెబితే ఈ కాలం వాళ్లు నమ్మరు.

ఆయన పెట్టిన నియమాలు వింటే మీకు నవ్వొస్తుంది. బోర్డు మీద 'బోధకుల సంఘం' అని మాత్రమే రాయించాడు, ఏ భాషో రాయనివ్వలేదు. సమావేశం జరుగుతున్నంత సేపూ వీధి వైపు కిటికీలు తెరిచే ఉంచాలి, మనం దాచిపెట్టేది ఏమీ లేదని వినేవాళ్లకు తెలియాలి. కిటికీలు తెరిచి ఉంటాయి కాబట్టి చైనా మాట ఒక్కటీ పలకకూడదు, అది విని ఎవరేమనుకుంటారో! ఏటేటా కలకత్తా నుంచీ ఢిల్లీ నుంచీ రెండు మూడు రైళ్లు మారి వచ్చిన చైనా భాషా పంతుళ్లు మా మిద్దె మీద కూర్చుని, చైనా పాఠాల గురించి ఇంగ్లీషులో పోట్లాడుకుని, మహానందికి పోయి దర్శనం చేసుకుని తిరిగి వెళ్లేవాళ్లు. వాళ్లలోనూ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. టేపు పెట్టె ఎక్కడికి పోయిందని మొదలైతే సాయంకాలం దాకా అదే గొడవ.

అదే రోజుల్లో ఆళ్లగడ్డలో నాకొక సంబంధం చూశారు. పెళ్లిచూపులకు మా అమ్మ, చిన్నాయన, నేను పోయాం. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చునే రకం కాదు. ఆ భాషలో ఎన్ని అక్షరాలుంటాయని నన్నే సూటిగా అడిగింది. వేలల్లో ఉంటాయంటే, అన్నీ వచ్చా అని నవ్వింది. ఏం చెప్పమంటారు, ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ఆమె పేరు చైనా అక్షరాల్లో రాసి చూపిద్దామని జేబులో కలం తీశాను. పక్కనున్న చిన్నాయన దగ్గాడు. కలం మళ్లీ జేబులో పెట్టుకున్నాను. విచారించుకుని కబురు చేస్తామన్నారు వాళ్లు. ఆ కబురు కోసం నేను ఎంతగా కాచుకుని ఉన్నానో మా అమ్మకు కూడా చెప్పుకోలేదు.

సరిగ్గా ఆ వారంలోనే మా వీధిలోకి ఒక మనిషి వచ్చాడు. తెల్ల పంచె, చేతిసంచి, తొందరే లేని నడక. టీ అంగడి దగ్గర నిలబడ్డాడు, మంగలి దగ్గర కూర్చున్నాడు, మా బోర్డు కింద నిలబడి పైకీ కిందికీ చూశాడు. మిద్దె మీద ఉండే అబ్బి ఏం పని చేస్తాడు, ఎవరెవరు వస్తారు పోతారు, రాత్రిళ్లు ఏ వేళకు దీపం ఆర్పుతారు అని అందరినీ అడిగాడు. వచ్చేశారురా అబ్బీ, అని చిన్నాయన కిటికీ పక్కన నిలబడి అన్నాడు, ఇన్నేళ్లుగా ఎదురుచూసిన చుట్టం వచ్చినట్టు. వీధి వీధంతా తెల్దని చెప్పింది. ఆయన మా గడపలోకే వచ్చి అడిగితే చిన్నాయన, ఈడ ఎవరూ ఏ పనీ చేయరు, పిల్లోడు సెలవులకొచ్చి తిని పండుకుంటాండాడు అని చెప్పి పంపించాడు. మా అమ్మను వంటింట్లోంచి బయటికే రానివ్వలేదు. ఆ పూట గండం గడిచిందని నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

మీరు ఈపాటికి పసిగట్టే ఉంటారు. మాకే తట్టలేదు. ఆయన ఆ అమ్మాయి మేనమామ.

పెళ్లిచూపుల నాడు ఊళ్లో లేడట, అందుకే మేం గుర్తుపట్టలేదు. ఆయన చెప్పి పంపిన మాట మా అమ్మకు మధ్యవర్తి ద్వారా చేరింది.

"ఆ అబ్బి ఏం పని చేస్తాండాడో ఆ ఇంట్లో ఒక్కరూ చెప్పల్యా. చెప్పుకోలేని పని చేసేటోనికి పిల్లనెట్లా ఇస్తామప్పా?"

మా అమ్మ ఆ రోజు మరిదిని అన్న మాటలు ఇక్కడ రాయలేను. చిన్నాయన మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. వాళ్ల అరుగు మీద కూర్చుని ఉన్నదంతా దాచకుండా చెప్పాడు, నిఘంటువు సంగతి కూడా. అమ్మాయి తండ్రి మంచివాడు, ఓపిగ్గా విన్నాడు. విని, అంత పెద్ద పంతులువు గదా, ఏదీ ఒక మాట ఆ భాషలో చెప్పప్పా, మేమూ వింటాం, అన్నాడు. ఎగతాళికి అనలేదు, నమ్మాలనే అన్నాడు. ఎదుటి శిల్పుల కొట్టంలో ఉలి చప్పుడు ఆగింది, వాళ్లూ ఇటే చూస్తున్నారు. వాకిట్లో మేనమామ నిలబడి ఉన్నాడు, తలుపు వెనక గాజుల చప్పుడు వినబడింది. చిన్నాయన వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. నేను చెబుదామని ముందుకు జరిగితే ఆయన చెయ్యి నా మోకాలిని గట్టిగా పట్టుకుంది. కావాలని పట్టుకున్నాడని నేననుకోను, ఆ చేతికి అదే అలవాటు. నేనూ ఆ చేతి కింద పెరిగినవాణ్ణే, ఆగిపోయాను. మేనమామ కండువా దులుపుకుని లోపలికి పోయాడు.

తిరుగు బస్సులో సిరివెళ్ల దాటినాక ఆయన ఒకే ఒక్క మాటన్నాడు.

"నోరు రాల్యారా అబ్బీ."

ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే నీరైపోయింది, ఆ అమ్మాయిని తలచుకుంటే మాత్రం ఏడుపొచ్చింది. మరుసటి ఏడు సమావేశంలో చిన్నాయన లేచి నిలబడి, కిటికీలు తెరిచి ఉండగానే, అందరినీ చైనా భాషలో ఆహ్వానించాడు. ఇదేదో తమను పరీక్షించడానికి పన్నిన ఎత్తనుకుని సభ్యులందరూ జాగ్రత్తగా ఇంగ్లీషులో జవాబిచ్చారు. తర్వాత నాకు జమ్మలమడుగు వైపు సంబంధం కుదిరింది. వాళ్లు ఎవరినీ ఏమీ విచారించకుండానే పిల్లనిచ్చారు. ఎందుకు విచారించలేదా అని నాకు ఇన్నేళ్లయినా లోలోపల అనుమానమే. అడిగితే మా ఆవిడ, నీ మొహం చూస్తేనే తెలిసిపోయిందిలే అంటుంది గానీ, ఏం తెలిసిపోయిందో చెప్పదు.

నేనూ పదవీ విరమణ చేసి ఈ మిద్దెకే చేరాను, సంఘం మాత్రం ఇప్పుడు ఫోన్లలోనే నడుస్తోంది. ఎక్కడెక్కడి కుర్రపంతుళ్లో తెర మీద కనబడి, ఇంట్లో అందరూ తిరుగుతుండగానే గొంతెత్తి చైనా భాషలో వాదించుకుంటారు, వింటుంటే ముచ్చటేస్తుంది. వాళ్లకు చిరునామా అక్కర్లేదు, మిద్దె అక్కర్లేదు. సంబంధాలు చూసేవాళ్లు కూడా ఇప్పుడు వీధిలోకి రారు, ఫోటోలు చూసి ఫోన్లోనే అన్నీ తేల్చేసుకుంటారు. ఒక మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి ఎండలో నిలబడి, టీ తాగి, పదిమందిని అడిగే తీరిక ఎవరికుంది?

అందుకే మొన్న టీ అంగడతను చెప్పిన ఆ సంచి మనిషి నన్ను వదలడం లేదు. చదువుకునే పిల్లవాడో, కొత్తగా చేరిన పంతులో, కొరియర్ వాడో, చిన్నాయన జీవితమంతా ఎదురుచూసిన ఆ నిఘా శాఖ మనిషే నిజంగా వచ్చాడో! నిన్న టీ అంగడతనితో, ఇకమీదట నా గురించి ఎవరు అడిగినా తిన్నగా పైకి పంపించు అని చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఏమన్నా ఇబ్బందా సార్ అని గొంతు తగ్గించి అడిగాడు. ఏమీ లేదు, ఊరికే, అన్నాను. నమ్మినట్టు లేడు.

అప్పటి నుంచీ వీధి వైపు కిటికీ తెరిచి మిద్దె మీద కూర్చుంటున్నాను. ఇంకా ఎవరూ రాలేదు.